మచ్చకు మందు పూయుటకు ముందు

(గత ఆదివారము సాయంకాలము ధారావిలో జరిగిన సంఘ సభ్యుల సమావేశమున ఒక సభ్యుడు చేసిన ఉపన్యాస పాఠము)



ఈనాటి సమావేశమున ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను వైద్యుడను కాను. మెట్రిక్ వరకు చదివి, సబ్బులు, నూనెలు, పౌడర్లు అమ్ముకొని జీవించు వర్తకుడను. అట్టివాడు చర్మవ్యాధులను గూర్చి మాటలాడుట తగునా యని మీలో కొందరికి తోచవచ్చును. నాకును తోచినది. అయినను రెండు కారణములచే ఒప్పుకొంటిని. మొదటిది, నా యెడమ చెంపమీద మీరందరు చూచుచున్న ఈ నల్లని మచ్చ. దీనికి ఏ మందు పూయవలెనని ఆరు నెలలుగా ఆలోచించితిని. రెండవది, ముఖమునకు పూసికొను ట్యూబులను ఎనిమిది సంవత్సరములు నా దుకాణమున నేనే అమ్మితిని. వాని వలన జరిగినదానిని మీ యెదుట చెప్పవలసిన బాధ్యత నాకు కలదు.

మనవారికిని ఎండకును గల సంబంధము క్రొత్తది కాదు. 18వ శతాబ్దపు చివర హార్న్‌బీ వెల్లార్డు కట్ట పూర్తియై, సముద్రపు నీరు చొరబడు పల్లపు నేలలు మెరకయైన పిదప, తెలుగు దేశమునుండి వచ్చిన కామాఠీలు ఆ నేలపై నివాసము లేర్పరచుకొనిరి. కామాఠిపుర యను పేరు వారి వలననే కలిగినది. ఈ నగరపు కట్టడములకు రాళ్లు మోసినవారిలో, సున్నము కలిపినవారిలో మన పూర్వులు ఎందరో యుండిరి. తరువాతి తరములవారు బట్టల మిల్లులలో చేరిరి. నీడపట్టున పని దొరకినది. 1982 జనవరిలో మిల్లుల సమ్మె ప్రారంభమైన తరువాత ఆ నీడయు పోయినది. మా తండ్రిగారి వలెనే ఎందరో తోపుడుబండ్ల వెంట, కూలి నాకాల మీద, కట్టడపు పనులలో మరల ఎండకు వచ్చిరి. కావున మన యిండ్లలో ఎండమచ్చ లేని యిల్లు అరుదు.

చర్మమున మెలనిన్ అను రంగు పదార్థము కలదు. ఎండలోని అతినీలలోహిత కిరణములు లోపలి జీవకణములను చెరుపకుండ అది గొడుగు వలె కాపాడును. ఎండ యెక్కువైనకొలది మెలనిన్ కూడ ఎక్కువగును. అది చర్మమంతట సమముగా పరచుకొనక ఒకచోట గుంపుగూడినచో మచ్చ యేర్పడును. ఇంతవరకు ఎండమచ్చ యను మాట సరియైనదే. కాని మన చాళ్ళలో ముఖము మీదనైనను, చేతుల మీదనైనను ఏ మచ్చ కనబడినను "ఎండకు వచ్చింది" అని సరిపెట్టుకొందుము. ఆ ఒక్క పేరు క్రింద కనీసము మూడు వేరు వేరు వ్యాధులు దాగియున్నవి. ఒకదానికి మందైనది మరియొకదానికి విషమగును. ఈనాడు నేను చెప్పదలచినది ఇంతయే: మచ్చ పేరు తెలియక మందు పూయరాదు.

మొదటిది మంగు. ఇది అందరు ఎరిగినదే. రెండు చెంపలమీద, నుదుటిమీద, పై పెదవిమీద గోధుమరంగుగనో నల్లగనో పరచుకొనును. దురద యుండదు, నొప్పి యుండదు. స్త్రీలకు ఎక్కువగా వచ్చును. గర్భిణీ దశలో వచ్చినది కాన్పు తరువాత కొన్ని నెలలకు తనంతట తాను తగ్గుటయు కలదు. గర్భనిరోధక మాత్రల వలనను రావచ్చును. వంశమున ఉన్నచో మరింత సులభముగా వచ్చును. దీనిని పెంచునది ఎండ. కంటికి కనబడు వెలుతురు సైతము దీనిని పెంచునని ఇప్పుడు వైద్యులు చెప్పుచున్నారు.

మా పెద్దవదినగారికి 2014 ప్రాంతమున మంగు వచ్చినది. ఆమె కుమార్తెకు అప్పుడు సంబంధములు చూచుచుండిరి. పెండ్లిచూపులకు వచ్చినవారు తల్లి ముఖము చూచి కూతురిని గూర్చి ఏమనుకొందురోయని ఆమె బెంగ. "మరదీ, నీ దుకాణంల ఏదన్న మంచి ట్యూబు ఉంటే ఇయ్యి" అని యడిగినది. నాకు సబ్బుల పెట్టెలు తెచ్చిపెట్టు మనిషి వానితోపాటు ముఖమును తెల్లబరచు ట్యూబులను కూడ ఇచ్చెడివాడు. లాభము బాగుగా నుండెను. మందుల లైసెన్సు లేనివాడు అట్టి సరకు అమ్ముట నేరమని నాకు తెలియదు, తెలిసికొనవలెనని ప్రయత్నింపనును లేదు. ఒక ట్యూబు తీసి ఆమె చేతిలో పెట్టితిని. డబ్బు కూడ తీసికొనలేదు.

మూడు వారములలో ముఖము తేటపడినది. చాళ్‌లోని స్త్రీలందరు వచ్చి అదే ట్యూబు అడిగిరి. నేనమ్మితిని. ఏడాది గడచుసరికి వదినగారి చెంపలపై ఎర్రని సన్నని నరములు దారముల వలె కనబడినవి. మొటిమలు లేచినవి. గడ్డముమీద రోమములు మొలచినవి. పొయ్యి దగ్గర కూర్చున్నను ముఖము మండెడిది. పూయుట మానినచో మంట, మరల పూసినచో ఉపశమనము. త్రాగుడునకు అలవాటు పడినవానికి సారా యెట్టిదో ఆమెకు ఆ ట్యూబు అట్టిదయ్యెను. తుదకు సాయన్ ఆస్పత్రిలో చర్మవైద్యురాలు ఆ ట్యూబును చేతబట్టి, అందులో మూడు మందులు కలవనియు, వానిలో ఒకటి తీక్ష్ణమైన స్టీరాయిడు అనియు చెప్పినది. ముఖము కుదుటపడుటకు ఏడాదికి పైగా పట్టినది. మంగు మాత్రము తిరిగి వచ్చినది.

ఆ మూడు మందుల కలయిక దానంతట అది చెడ్డది కాదు. 1975లో అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ అను వైద్యులు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టీరాయిడు కలిపి మంగు వంటి నల్లమచ్చలకు పూతగా ప్రకటించిరి. నేటికిని ఆ మాదిరి మందును వైద్యులు వ్రాయుచున్నారు. కాని అది కొద్ది వారములకు, సాధారణముగా ఎనిమిది వారములకు మించకుండ, రాత్రిపూట మాత్రమే, వైద్యుని కనుసన్నలలో వాడవలసిన మందు. మన యిండ్లలో అది స్నోపౌడరు వలె సంవత్సరముల తరబడి సాగుచున్నది. హైడ్రోక్వినోన్‌ను దీర్ఘకాలము విడువక పూసినవారికి మచ్చ నీలి నలుపుగా మారి, మరి పోకుండుటయు కలదు. గర్భిణులు ఈ మందుల జోలికి పోరాదు. స్టీరాయిడు పూతల దుర్వినియోగమును గూర్చి చర్మవైద్యులు ఎన్నో యేండ్లు మొరపెట్టుకొనిన మీదట, 2018లో కేంద్ర ప్రభుత్వము 14 రకముల స్టీరాయిడు పూతలను వైద్యుని చీటీ లేక అమ్మరాదని ఉత్తరువు చేసినది. ఆ వార్త చదివిననాడే నా దుకాణమున మిగిలిన ట్యూబులను పారవైచితిని. అంతకు ముందు అమ్మినవానిని మాత్రము తిరిగి తేలేకపోతిని.

రెండవది గరుకు మచ్చ. వృద్ధుల బట్టతలమీద, నుదుటిమీద, చెవులమీద ఏండ్ల తరబడి ఎండ సోకినచోట చిన్న పొలుసు లేచి, వ్రేలితో తడిమినచో గరుకు కాగితము వలె తగులును. తెల్లజాతివారిలో ఇది మిక్కిలి సాధారణము. మన వర్ణమువారిలో అరుదు. బొల్లి సోకి రంగు పోయినచోట మాత్రము మనవారును జాగ్రత్తపడవలెను. ఈ గరుకు మచ్చలలో కొన్ని, ఉపేక్షించినచో, కాలక్రమమున పుండై చర్మపు క్యాన్సరుగా మారవచ్చును. దీనికి వాడు పైపూతలలో ఒకటి ఫ్లోరోయురాసిల్ అను మందు.

దీని చరిత్రలో మన తెలుగువారు వినదగిన మాట యొకటి కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేయుచు, తన సహచరులతో కూడి, జీవకణమునకు ఆహారమువలె కనబడి దానిని మోసగించు మందులను తయారుచేసిరి. వానిలో అమినోప్టెరిన్ అను దానిని బోస్టనులో ఫార్బర్ అను వైద్యుడు 1947లో రక్తక్యాన్సరుగల పిల్లలకు ఇచ్చి చూచెను. ఆ త్రోవలోనే 1957లో హైడెల్‌బెర్గర్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును ఫ్లోరోయురాసిల్‌ను వెలువరించిరి. లోపలి క్యాన్సరులకు ఆ మందు పొందుచున్న రోగులలో, ఎండ సోకిన మచ్చలు ముందు ఎర్రబడి తరువాత మాసిపోవుటను 1962లో దక్షిణాఫ్రికా వైద్యులు గమనించి వ్రాసిరి. అట్లు అది పైపూత అయినది. రెండు మూడు వారములు పూయునప్పుడు ఆ చోటు ఎర్రబడి, చిట్లి, పక్కుకట్టి, చూచువారికి భయము కలిగించును. మందు పనిచేయుచున్నదనుటకు అదియే గుర్తు. తరువాత క్రొత్త చర్మము వచ్చును. ఇట్టి మందును మంగుమీద పూసినచో ఏమగునో ఆలోచింపుడు. ముఖము కాలి, మచ్చ రెట్టింపగును. గరుకు మచ్చకు పనికివచ్చినది మంగుకు చేటు.

మూడవది స్పర్శ లేని మచ్చ. దీనిని గూర్చి చెప్పుటకు ముందు మా తండ్రిగారి అనుమతి తీసికొంటిని. వారు ఈ సభలోనే వెనుక వరుసలో కూర్చున్నారు.

మిల్లు పోయిన తరువాత మా తండ్రిగారు ఇరువది సంవత్సరములకు పైగా తోపుడుబండిమీద పండ్లు అమ్మిరి. 2005లో వారి యెడమ మోచేతి క్రింద రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ కనబడినది. బండిమీద చేయి ఎండలో నుండునుగదా, ఎండమచ్చయే యనుకొంటిమి. ఏదో పూత తెచ్చి పూసితిమి. మచ్చ పోలేదు, పెరిగినది. మరి రెండు మూడు చోట్ల వచ్చినది. దురద లేదు, నొప్పి లేదు కనుక భయపడలేదు. ఇట్లు ఏడాదిన్నర గడచినది. ఒకనాటి ఉదయము వారు పొయ్యిమీది గిన్నెను ఉత్త చేతితో దించిరి. చేయి బొబ్బలెక్కినది, వారికి మాత్రము తెలియలేదు. మా అమ్మ చూచి కేక వేసినది. ఆస్పత్రిలో కుష్ఠు అని తేలినది.

ఆ మాట విన్ననాడు మా యింట పొయ్యి రాజుకొనలేదు. నాకు ఇద్దరు చెల్లెండ్రు, పెండ్లి కావలసినవారు. ఎవరికిని చెప్పరాదని నిశ్చయించుకొంటిమి. పన్నెండు నెలలు మాత్రలు మ్రింగిరి. ఒక్క పైసా ఖర్చు కాలేదు. ప్రభుత్వము ఉచితముగా ఇచ్చినది. జబ్బు పూర్తిగా నయమైనది. మాత్రలు ప్రారంభించిన కొద్ది దినములకే అది ఇతరులకు అంటదని వైద్యుడు చెప్పెను. ఇంటిలో ఎవరికిని రాలేదు. కాని మోచేతి దగ్గరి నరము అప్పటికే చెడినందున వారి యెడమచేతి చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు వంగిపోయినవి. ఆ వంగిన వ్రేళ్ళు నేటికిని చాపబడవు. మచ్చ కనబడిన మొదటి నెలలోనే చూపించియుండినచో ఆ రెండు వ్రేళ్ళు నిలిచియుండెడివి. "బాపూ, సభలో చెప్పనా?" యని మొన్న అడిగినప్పుడు వారు, "చెప్పు బిడ్డా, దాచిపెట్టి నేను బాగుపడ్డదేమున్నది?" యనిరి.

ఈ జబ్బు పోయినదని మనము అనుకొనుచున్నాము. 2005 చివర దేశమున కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా తొలగినదని ప్రకటించిరి. అనగా పదివేలమందికి ఒకరికంటె తక్కువ అయినది. అయినను దేశమున ఏటా సుమారు లక్షమంది క్రొత్త రోగులు కనబడుచున్నారు. మనకు సహాయము దూరమున లేదు. వడాలాలోని ఆక్వర్త్ ఆస్పత్రి 1890లో ఈ జబ్బు కొరకే స్థాపింపబడినది. డాక్టరు గణపతిగారు 1976లో బొంబాయి లెప్రసీ ప్రాజెక్టును స్థాపించిరి. ఇంత దగ్గర సహాయముండగా మా తండ్రిగారి మచ్చను ఏడాదిన్నర చొక్కా చేతి క్రింద దాచితిమి. వారి విషయమున నేర్చిన పాఠమును తరువాత వర్తకమున మరచితిని. వదినగారికి ట్యూబు ఇచ్చిననాడు అది గుర్తుకు వచ్చియుండవలసినది, రాలేదు.

ఇక పేరులేని డబ్బాల సంగతి. అందాల దుకాణములలోను, రైలు స్టేషనుల వద్దను చీటీ లేని తెల్లని క్రీములు అమ్ముదురు. కొన్నింటిలో పాదరసము కలుపుదురు. అది మెలనిన్ తయారగుటను ఆపి ముఖమును తెల్లబరచును. చర్మము ద్వారా లోనికి పోయి మూత్రపిండములను చెరుపును. మన రాష్ట్రమున అకోలాలో ఒకే యింటివారు ముగ్గురు ఇట్టి క్రీము వాడి మూత్రపిండముల జబ్బు పాలైరనియు, పరేలులోని కెయీఎమ్ ఆస్పత్రి వైద్యులు దానికి పాదరసమే కారణమని కనుగొనిరనియు 2023 మొదట పత్రికలలో వచ్చినది. తయారుచేసినవాని పేరు, అందలి మందుల పేర్లు లేని డబ్బాను ఎంత చౌకగా ఇచ్చినను ఇంటికి తేరాదు.

ఇప్పుడు ఆచరణకు వచ్చెదను. నేను వైద్యులనుండి విని వ్రాసికొనిన నాలుగు మాటలు ఇవి.

ఒకటి, ఏ మచ్చనైనను ముందు తాకి చూడుడు. కన్నులు మూసికొనుమని చెప్పి, దూదిపోగుతో మచ్చమీదను ప్రక్కనున్న మంచి చర్మముమీదను మెల్లగా తాకుడు. మచ్చమీద తెలియనిచో మరునాడే ఆస్పత్రికి పొండు. తెలిసినను నిశ్చింతగా నుండరాదు. ముఖము మీది మచ్చలో స్పర్శ పోకుండగనే జబ్బు ఉండవచ్చును. పాలిపోయిన మచ్చ ఏదైనను చూపింపుడు.

రెండు, నెల దాటినను మానని పుండు, రక్తము కారు మచ్చ, త్వరత్వరగా పెరుగు నల్లని మచ్చ, వీనికి పూత వెదకక వైద్యునికి చూపింపుడు. అవసరమైనచో చిన్న ముక్క తీసి పరీక్షింతురు. అందులకు భయపడరాదు.

మూడు, ఇదివరకే స్టీరాయిడు ట్యూబు నెలల తరబడి వాడుచున్నవారు ఆ ట్యూబును చేత పట్టుకొనియే వైద్యుని కడకు పొండు. సిగ్గుపడి దాచినచో వైద్యుడు సరిగా చూడజాలడు. ఎట్లు మానవలెనో వారే చెప్పుదురు.

నాలుగు, మంగు అని తేలినను మొదటి మందు నీడ. గొడుగు, కొంగు, వెడల్పు అంచు టోపీ. ఎస్.పి.ఎఫ్. 30 గాని అంతకు మించినది గాని అగు సన్‌స్క్రీన్‌ను చూపుడువ్రేలు, నడిమివ్రేలు పొడవున రెండు చారలు తీసి ముఖమునకు, మెడకు పూయవలెను. ఎండలో నుండువారు రెండు గంటల కొకమారు మరల పూయవలెను. మబ్బు పట్టిన దినమునను మానరాదు. ఇది లేక ఎంత ఖరీదైన పూత పూసినను చిల్లికుండలో నీరు పోసినట్లే.

ధారావివారికి సాయన్ ఆస్పత్రి నడక దూరములో నున్నది. కామాఠిపురవారికి నాయరు ఆస్పత్రి, జె.జె. ఆస్పత్రి దగ్గర. మూడింటను చర్మవిభాగములు కలవు. వరుసలో నిలువవలసి వచ్చుట నిజమే. ఒక పూట కూలి పోవుటయు నిజమే. మా తండ్రిగారి రెండు వ్రేళ్ళతో పోల్చి చూచినచో అది ఎక్కువ వెల కాదు.

నా మచ్చ సంగతి అడుగుదురు. దూదిపోగుతో చూచికొంటిని, స్పర్శ యున్నది. అయినను పోయి చూపించుకొంటిని. మంగు అనిరి, పురుషులకును వచ్చునట. పూత కావలెనా యని వైద్యురాలు అడిగినది. స్టీరాయిడు లేని పూతలును కలవనియు, వానివలన కొంత తగ్గుననియు, కాని నెలలు పట్టుననియు, ఎండలో తిరిగినచో మరల వచ్చుననియు చెప్పినది. నేను ఆలోచించి, ప్రస్తుతము మూడు నెలలు సన్‌స్క్రీన్, గొడుగు మాత్రమే చాలునంటిని. సరకు తెచ్చుటకు పోవునప్పుడు గొడుగు పట్టుచున్నాను. మసీదు బందరు మార్కెట్టులో నన్ను చూచి కొందరు నవ్వుచున్నారు. నవ్వనిండు.

తుదకు రెండు విన్నపములు. మనవారిలో చిల్లర దుకాణములు నడుపువారు ముప్పదిమందికి పైగా ఈ సభలో నున్నారు. ముఖమునకు పూయు మందు ట్యూబును గాని, పేరులేని క్రీమును గాని ఇకమీదట అమ్మమని మనమందరము నేడు ఒక కాగితముపై సంతకము చేయుదము. మొదటి సంతకము నాది. నా తప్పు కూడ నాది గనుక. రెండవది, పెండ్లిచూపులకు పోవు పెద్దలకు. పిల్ల ముఖమున మచ్చ యున్నదా, ఇంటిలో ఎవరికైన ఆ జబ్బు వచ్చినదా యని గుసగుసలాడుట మానుడు. మన గుసగుసల భయమే తల్లుల చేత ట్యూబులు కొనిపించుచున్నది, తండ్రుల చేత మచ్చలు దాపించుచున్నది. నా చెల్లెండ్రిద్దరు పెండ్లియై పిల్లాపాపలతో సుఖముగా నున్నారు. వారి అత్తవారికి పెండ్లికి ముందే మా తండ్రిగారి సంగతి చెప్పియుండవలసినది, చెప్పలేదు. ఈ పత్రిక ద్వారా వారికి తెలియును. తప్పు నాదని వారు నన్నే అనవలెను గాని చెల్లెండ్రను కాదు.

ప్రతి సోమవారము నా దుకాణమును మధ్యాహ్నము తెరచెదను. ఉదయము సాయన్ ఆస్పత్రికి రాదలచియు ఒంటరిగా రాలేనివారు ఎనిమిది గంటలకు సంఘ కార్యాలయము ముందునకు రండు. నేను వెంట వచ్చెదను. మరాఠీలో చెప్పవలసినది చెప్పెదను. మీ పేరు ఎవరితోను అనను.